పందిరి విప్పేదెవరు?

పెళ్ళికి పందిరి వేసే రోజు చూడండి, ఎంత సందడిగా ఉంటుందో. పిలవకపోయినా పదిమంది వచ్చి తలో చెయ్యి వేస్తారు. అదే పందిరి విప్పే రోజు పిలిచినా ఒక్కడూ కనపడడు. సాఫ్టువేరూ అచ్చం ఇంతే. ఇన్‌స్టాలరుకి బొమ్మలు, సంగీతం, శాతాలు చూపించే పట్టీ, మధ్యమధ్యలో ఆటలోని విశేషాల గురించి ప్రకటనలు. అన్‌ఇన్‌స్టాలరు మాత్రం ఓ బూడిదరంగు డబ్బా. "తీసేయమంటారా?" అంటుంది. అవునంటే "తీసేశాను" అంటుంది. ఏం తీసింది, ఏం వదిలేసింది అన్నది మాత్రం చెప్పదు.

విండోసులోనే ఈ గోల ఉంటే, విండోస్ ఆటని తెచ్చి లినక్సులో ఆడేవాళ్ళ సంగతి ఇక చెప్పాలా! ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అని ఒకప్పుడు మనల్ని చూసి నవ్వేవాళ్ళు. ఇప్పుడు ఉలిపికట్టెలు బాగానే పెరిగారు. 1993లో మొదలైన వైన్ (షాపు కాదండీ, సాఫ్టువేరు) 1.0 అనిపించుకోవడానికి 2008 దాకా పట్టింది. 2018 ఆగస్టులో వాల్వ్ వాళ్ళు ఆ వైన్ మీదే కట్టిన ప్రోటాన్‌ని స్టీమ్‌లో పెట్టారు. 2022 ఫిబ్రవరిలో స్టీమ్ డెక్ వచ్చింది. 2025 అక్టోబరు 14న విండోస్ 10కి మామూలు సపోర్టు ఆగిపోయాక, నడుస్తున్న లాప్‌టాపుని పారెయ్యడం ఇష్టంలేక లినక్సు ఎక్కించుకున్నవాళ్ళు నాకు తెలిసినవాళ్ళలోనే కొందరున్నారు. ఆట నడుస్తుందా లేదా అన్నది చాలా ఆటల విషయంలో ఇప్పుడు ప్రశ్నే కాదు. ఆడడం అయ్యాక ఏమిటి అన్నదే ఎవరూ పెద్దగా అడగట్లేదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇది చెత్త సమస్య కాదు, సొత్తు సమస్య. ఆట తీసేశాక మిగిలే ఫైళ్ళలో కొన్ని నిజంగా చెత్త. కొన్ని మన సొత్తు, అంటే మనం రాత్రుళ్ళు కూర్చుని ఆడిన సేవ్ ఫైళ్ళు. రెండూ ఒకే ఫోల్డరులో, ఒకే రకం పేర్లతో పడుంటాయి. ఏది ఎవరిదో రాసిపెట్టే పని ఎవరూ చెయ్యట్లేదు. అందుకే "అన్నీ ఊడ్చేసే క్లీనరు ఏదైనా చెప్పండి" అని ఎవరైనా అడిగితే నేను చెప్పను. ఆటకో ప్రిఫిక్సు పెట్టుకోమని చెబుతాను. ఎందుకో చూద్దాం.

అసలెందుకు మిగులుతాయి?

అన్‌ఇన్‌స్టాలరుకి తెలివి ఉండదు, చిట్టా ఉంటుంది. ఉదాహరణకి ఇన్నో సెటప్‌తో చేసిన ఇన్‌స్టాలరు తను పెట్టిన ప్రతి ఫైలునీ ఒక డాట్ ఫైలులో రాసుకుంటుంది. ఆట ఫోల్డరులో "అనిన్స్ 000" అనే పేరుతో కనిపించే జంట ఫైళ్ళు ఇవే. తీసేయమన్నప్పుడు ఆ చిట్టా తెరిచి, అందులో ఉన్నవాటినే తీస్తుంది. ఆట నడిచేటప్పుడు పుట్టిన ఫైళ్ళు, అంటే సేవ్‌లు, సెట్టింగులు, లాగులు, క్రాష్ డంపులు, మనం వేసుకున్న మాడ్‌లు, ఇవేవీ చిట్టాలో ఉండవు. వాటిని కూడా తీయమని ఆట తయారుచేసినవాళ్ళు విడిగా రాస్తే తప్ప అవి అక్కడే ఉంటాయి. లోపల ఏదో మిగిలింది కాబట్టి ఫోల్డరూ మిగులుతుంది. మైక్రోసాఫ్ట్ వాళ్ళ ఎంఎస్ఐ పద్ధతీ మామూలుగా ఇంతే.

ఇది బద్ధకం మాత్రమే అనడం అన్యాయం. తను పెట్టనిదాన్ని ముట్టుకోకపోవడం ఒక మర్యాద. చిక్కల్లా ఏమిటంటే, ఆ మర్యాద పేరు చెప్పి ఎవరూ లెక్క అప్పజెప్పరు. మన ఆఫీసుల్లో ఉద్యోగం మానేసేవాడు లాప్‌టాపు, ఐడీ కార్డు, యాక్సెస్ కార్డు అన్నీ ఇచ్చేసి నో డ్యూస్ మీద సంతకాలు పెట్టించుకుంటే గానీ రిలీవింగ్ లెటర్ ఇవ్వరు కదా. ఆటకి మాత్రం నోటీసు పీరియడూ లేదు, హ్యాండోవరూ లేదు, నో డ్యూసూ లేదు.

సేవ్ ఫైళ్ళైనా ఒకచోట ఉంటాయా అంటే అదీ లేదు. డాక్యుమెంట్స్‌లో "మై గేమ్స్" అని ఒకరు, యాప్‌డేటాలో లోకల్ అని ఒకరు, రోమింగ్ అని ఇంకొకరు. యూనిటీతో చేసిన ఆటలు మామూలుగా లోకల్‌లో అనే ఫోల్డరులో రాసుకుంటాయి. పైగా యూనిటీలోని ప్లేయర్‌ప్రెఫ్స్ విండోసులో రిజిస్ట్రీలోకి పోతాయి. సేవ్ చేసిన ఆటల కోసమే విండోస్ విస్టా నుంచీ ఒక ఫోల్డరు ఉంది. దాన్ని పట్టించుకున్నవాళ్ళు తక్కువే.

వైన్ ఇంట్లో ఏముంది

వైన్‌కి మీరేమీ చెప్పకపోతే మీ హోమ్ డైరెక్టరీలో డాట్ వైన్ అని దాగిన ఫోల్డరు ఒకటి పెట్టుకుంటుంది. దీన్నే ప్రిఫిక్సు అంటారు. అందులో డ్రైవ్ సీ అనే ఫోల్డరు మీ నకిలీ సీ డ్రైవు. సిస్టమ్ డాట్ రెగ్, యూజర్ డాట్ రెగ్ అనే మామూలు టెక్స్టు ఫైళ్ళే రిజిస్ట్రీ. డాస్‌డివైసెస్ అనే ఫోల్డరులో డ్రైవు అక్షరాలకి లింకులుంటాయి. వాటిలో జెడ్ అనేది మీ లినక్సు రూటుకే లింకు.

ఇక్కడ ముగ్గురు దొంగలున్నారు.

మొదటిది డాక్యుమెంట్స్ లింకు. మామూలు వైన్ తన "మై డాక్యుమెంట్స్"ని మీ అసలు డాక్యుమెంట్స్ ఫోల్డరుకి లింకు చేస్తుంది. ఆట సేవ్‌లు ప్రిఫిక్సులో కాకుండా మీ ఆఫర్ లెటర్లు, ఫారం 16ల పక్కన వచ్చి కూర్చుంటాయి. ప్రిఫిక్సు మొత్తం పీకేసినా అవి అక్కడే ఉంటాయి. సేవ్‌లు పోకూడదనుకుంటే ఇది వరం, శుభ్రంగా ఉండాలనుకుంటే శాపం. ఈ లింకులు వద్దనుకుంటే వైన్ కాన్ఫిగరేషన్‌లో డెస్క్‌టాప్ ఇంటిగ్రేషన్ ట్యాబ్‌లో తీసేయొచ్చు. వైన్‌ట్రిక్స్‌లో శాండ్‌బాక్స్ అనే ఆదేశం ఇదే పని ఒక్క దెబ్బకి చేస్తుంది.

రెండోది మెనూ. వైన్ మెనూ బిల్డర్ అనే బుల్లి ప్రోగ్రాము మీ డెస్క్‌టాపు మెనూలో ఆట పేరు, ఐకాను చేరుస్తుంది. ఇవి ప్రిఫిక్సు లోపల ఉండవు. హోమ్‌లో డాట్ లోకల్, అందులో షేర్, దానిలో అప్లికేషన్స్, దాని కింద వైన్, అక్కడుంటాయి. ఐకాన్లు, ఫైలు రకాల సంబంధాలు ఆ పక్క ఫోల్డర్లలోకి చేరతాయి. అందుకే డాట్ వైన్ తీసేశాక కూడా మెనూలో చచ్చిపోయిన ఆటల పేర్లు దయ్యాల్లా వేలాడుతుంటాయి. టెక్స్టు ఫైలు నొక్కితే వైన్ నోట్‌పాడ్ లేవడం కూడా ఈ మహానుభావుడి చలవే. "వైన్ ఎక్స్‌టెన్షన్" అని మొదలయ్యే డెస్క్‌టాప్ ఫైళ్ళు వెతికి తీసేస్తే ఆ పీడ వదులుతుంది. అసలు ఈ బిల్డరునే పనిచెయ్యొద్దని వైన్ డీఎల్ఎల్ ఓవర్‌రైడ్స్‌లో ముందే చెప్పి పెట్టుకోవచ్చు.

మూడోది క్యాషు. వైన్‌ట్రిక్స్ దింపుకున్నవన్నీ డాట్ క్యాష్ కింద దాచుకుంటుంది. వైన్ తన మోనో, గెక్కో ఇన్‌స్టాలర్లని అక్కడే పెడుతుంది. మెసా, ఎన్‌విడియా డ్రైవర్లు షేడర్లు అక్కడే దాస్తాయి. వీటిని తీసేస్తే పోయేదేమీ లేదు, మళ్ళీ అవసరమైతే మళ్ళీ పుడతాయి. కాకపోతే షేడర్లు మళ్ళీ తయారయ్యేదాకా ఆట కొంచెం తడబడుతుంది, అంతే.

ఒకే ఇంట్లో అందరూ ఎందుకు?

ఆటలన్నీ ఒకే డాట్ వైన్‌లో వేస్తే, ఒక ఆట కోసం పెట్టిన డీఎల్ఎల్ ఇంకో ఆటని పాడుచేస్తుంది. ఒకటి తీసినప్పుడు రిజిస్ట్రీలో ఏ వరస ఎవరిదో తెలీదు. ప్రతి ఆటకీ విడి ప్రిఫిక్సు పెడితే ఈ తగాదా లేదు. వైన్‌ప్రిఫిక్స్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో ఫోల్డరు దారి ఇస్తే చాలు, అక్కడో కొత్త ఇల్లు కడుతుంది. ఆట వద్దనుకున్నప్పుడు సేవ్‌లు బయటికి తీసి, ఆ ఒక్క ఫోల్డరు తీసేస్తే ఫైళ్ళు, రిజిస్ట్రీ అన్నీ దానితోనే పోతాయి. అన్‌ఇన్‌స్టాలరుని బతిమాలే పనే లేదు.

"ఒక్కో ప్రిఫిక్సూ కొన్ని వందల ఎంబీలు తింటుంది కదా, అదేమన్నా తక్కువా?" అని వెంటనే అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఇరవై చిన్న చిన్న పాత ఆటలుంటే ఆటల కన్నా ఇళ్ళే పెద్దవవుతాయి. అలాంటివాటిని కావాలంటే ఒకే ప్రిఫిక్సులో సర్దుకోండి, తప్పులేదు. కానీ యాభై, అరవై జీబీల ఆటకి అరజీబీ గోడ కట్టడానికి లెక్క చూసుకోవడం నాకైతే అర్థంకాదు. డిస్కు ఖర్చు ఎంతో కొలవచ్చు. ఏది తీస్తే ఏది విరుగుతుందో తెలియక పడే భయాన్ని కొలవలేం. ఆ భయం వల్లే ఏదీ తీయకుండా అంతా అలాగే పెట్టుకుంటాం, చివరికి ఎక్కువ డిస్కు తినేది అదే.

స్టీమ్ సంగతి

ప్రోటాన్ ఈ పద్ధతినే పాటిస్తుంది, ఆ మాట ఒప్పుకోవాలి. స్టీమ్ లైబ్రరీలో స్టీమ్‌యాప్స్ అనే ఫోల్డరుంటుంది. అందులో కామన్‌లో ఆటలు, కంపాట్‌డేటాలో ప్రతి ఆటకీ ఒక ప్రిఫిక్సు, షేడర్‌క్యాష్‌లో షేడర్లు. ప్రిఫిక్సు ఫోల్డరు పేరు ఆట పేరు కాదు, దాని నంబరు. విచర్ 3 అయితే 292030. దాని సేవ్‌లు ఆ నంబరు కింద పీఎఫ్ఎక్స్, డ్రైవ్ సీ, యూజర్స్, స్టీమ్‌యూజర్, డాక్యుమెంట్స్ అంటూ అరడజను మెట్లు దిగితే దొరుకుతాయి. ఇక్కడ డాక్యుమెంట్స్ మీ హోమ్‌కి లింకు కాదని గుర్తుపెట్టుకోండి. ప్రిఫిక్సు పోతే సేవ్‌లూ పోతాయి.

ఆట తీసేసినప్పుడు కామన్‌లో ఉన్న ఫోల్డరు పోతుంది. కంపాట్‌డేటా పోవచ్చు, పోకపోవచ్చు. దేనిమీదా నమ్మకం పెట్టుకోకండి. ఉండాలనుకుంటే ముందే కాపీ చేసుకోండి, పోవాలనుకుంటే వెళ్ళి చూసుకోండి. స్టీమ్ క్లౌడ్ ఉందిగా అనొచ్చు. అన్ని ఆటలకీ లేదు, ఉన్న ఆటల్లోనూ ఏ ఫైలు పైకి పంపాలన్నది ఆట తయారుచేసినవాళ్ళ ఇష్టం.

మా టీములో ఒక కుర్రాడు ఒకరోజు వచ్చి "అన్నా, గేములన్నీ అన్‌ఇన్‌స్టాల్ చేసేశాను, అయినా డిస్కు ఫుల్ అంటోంది" అన్నాడు. 256 జీబీ ఎస్ఎస్‌డీ. "సరే, ముందు ఏదీ డిలీట్ చెయ్యకు" అని కూర్చున్నాం. కంపాట్‌డేటాలో తొమ్మిది నంబర్లున్నాయి. స్టీమ్‌యాప్స్‌లో ఇన్‌స్టాల్ అయి ఉన్న ప్రతిదానికీ యాప్ మానిఫెస్ట్ అని ఒక ఫైలుంటుంది, దాని పేరులోనే నంబరు ఉంటుంది. రెండూ పోల్చి చూస్తే ఆరింటికి మానిఫెస్టు లేదు. "అయితే ఆరూ అనాథలే, లేపేస్తా" అన్నాడు. అందులో ఒకదాని నంబరు మాత్రం మరీ పొడుగ్గా ఉంది. లోపలికెళ్ళి చూస్తే వాళ్ళ చెల్లి స్టీమ్ బయట కొనుక్కుని, స్టీమ్‌లో షార్ట్‌కట్‌గా చేర్చుకున్న ఆట. నెలల తరబడి ఆడుతోందట, ఆ ముందురోజు సేవ్ కూడా ఉంది. బయటి ఆటలకి స్టీమ్ పెద్ద నంబరు ఇస్తుంది, వాటికి మానిఫెస్టు ఉండదు. అందుకే మానిఫెస్టు లేదంటే అనాథ అని కాదు, ఆరా తీయాలని అర్థం. ఏ నంబరు ఏ ఆటదో చెప్పడానికి ప్రోటాన్‌ట్రిక్స్ పనికొస్తుంది. ఇలాంటి షార్ట్‌కట్ ఆటల్ని స్టీమ్ జాబితాలోంచి తీసేసినా ప్రిఫిక్సు అక్కడే ఉండిపోతుంది, అది వేరే కథ.

ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకుంటామా?

క్లీనర్లంటే నాకెందుకు పడదో ఇప్పుడు చెబుతాను. తీసేసే కోడు తప్పు రాస్తే ఏమవుతుందో చరిత్రలో ఉంది. 1998 చివర్లో బంగీ వాళ్ళ మిత్ 2 ఆట సీడీలు దుకాణాలకి వెళ్ళే సమయంలో, ఆటని డ్రైవు మొదట్లోనే పెట్టి ఉంటే దాని అన్‌ఇన్‌స్టాలరు డ్రైవంతా తుడిచేస్తుందని తేలింది. ఆ సీడీలని వాళ్ళు వెనక్కి తెప్పించుకున్నారు. 2007 డిసెంబరులో ఈవ్ ఆన్‌లైన్ అప్‌డేటు, తనకి ఆ పేరుతోనే ఉన్న ఫైలుని తీయబోయి, కొందరి విండోస్ బూట్ డాట్ ఐఎన్ఐని తీసేసింది. వాళ్ళ మెషీన్లు లేవలేదు.

లినక్సువాళ్ళం మనకేం కాదనుకోకండి. 2015 జనవరిలో లినక్సు స్టీమ్ స్క్రిప్టులో ఒక లోపం బయటపడింది. స్టీమ్ ఉన్న ఫోల్డరు దారి ఒక వేరియబుల్‌లో పెట్టి, దాని కింద ఉన్నవన్నీ ఆర్ఎం మైనస్ ఆర్ఎఫ్ చేసే వరస అది. దారి దొరక్కపోతే వేరియబుల్ ఖాళీ. అప్పుడు మిగిలేది ఒక స్లాషు, ఒక నక్షత్రం. స్టీమ్ ఫోల్డరుని వేరే చోటికి జరిపిన ఒకాయన ఫైళ్ళన్నీ పోయాయి, తగిలించి ఉన్న బ్యాకప్ డ్రైవుతో సహా. ఆ వరస పైన "స్కేరీ" అని ఒక కామెంటు కూడా ఉంది. రాసినవాడికి భయం వేసింది, కానీ ఖాళీయా కాదా అని చూసే ఒక్క ఇఫ్ వెయ్యలేదు. కోడు రివ్యూల్లో కూర్చునేవాళ్ళం మనం, ఈ కథ గోడకి అంటించుకోవాలి.

జెడ్ డ్రైవు సంగతి గుర్తుందిగా? ప్రిఫిక్సు ఫోల్డరుని మామూలుగా ఆర్ఎం చేస్తే లింకు పోతుంది తప్ప అవతలి రూటు పోదు. కానీ జెడ్ లోపలికి వెళ్ళి నక్షత్రం పెట్టి తీసినా, లింకుల వెంట వెళ్ళే క్లీనరుని వదిలినా, మీ హోమ్ అంతా దాని చేతిలో ఉన్నట్టే. ప్రిఫిక్సు బ్యాకప్‌కి కూడా టార్ వాడండి, అది లింకుని లింకులాగే దాస్తుంది. జిప్ చెప్పకపోతే లింకు వెంట పోతుంది, రూటంతా మూటగట్టే పనిలో పడుతుంది.

నేను పాటించే క్రమం

ఒకటి. ముందు ఆటని, లాంచరుని పూర్తిగా మూసెయ్యాలి. వైన్ సర్వర్ ఇంకా నడుస్తుంటే రిజిస్ట్రీ ఫైళ్ళు మళ్ళీ రాసేస్తుంది.

రెండు. సేవ్‌లు ఎక్కడున్నాయో పీసీ గేమింగ్ వికీలో చూసి బయటికి తీసుకోవాలి. చేత్తో చేసే ఓపిక లేకపోతే లుడుసావి అనే ఓపెన్ సోర్స్ పనిముట్టు ఉంది, వైన్, ప్రోటాన్ ప్రిఫిక్సుల్లో కూడా వెతుకుతుంది. సేవ్‌లు సాధారణంగా కొద్ది ఎంబీలే, దాచుకోవడానికి పిసినారితనం అక్కర్లేదు.

మూడు. ప్రిఫిక్సు ఉమ్మడిదైతే వైన్ అన్‌ఇన్‌స్టాలరులోంచి తీయాలి. విడిదైతే ఫోల్డరుని ట్రాష్‌లోకి జరపాలి. టెర్మినల్‌లో ఆర్ఎం కొట్టే మొనగాడితనం వద్దు, ఒక వారం ఆగి ఖాళీ చేస్తే ఏం పోయింది?

నాలుగు. మెనూ, ఫైలు సంబంధాలు, షేడర్ క్యాషు చూసుకోవాలి.

ఐదు. లాంచరుని కూడా వదిలెయ్యకూడదు. లూట్రిస్ తీసేసేటప్పుడు ఫైళ్ళు కూడా తీయాలా అని అడుగుతుంది, చదివి జవాబు చెప్పండి. బాటిల్స్ లాంటివి ఫ్లాట్‌ప్యాక్‌గా వేసుంటే, మామూలు అన్‌ఇన్‌స్టాలులో డాట్ వార్ కింద ఉన్న డేటా అలాగే ఉంటుంది. డిలీట్ డేటా అని విడిగా అడగాలి.

మనమూ తక్కువేం తినలేదు

ఇదంతా విండోసు పాపమని చేతులు దులుపుకోవడం నాకిష్టం లేదు. మన డెబియన్‌లో పర్జ్ అని గొప్పగా కొడతాం. అది సిస్టమ్ సెట్టింగులు తీస్తుంది తప్ప హోమ్ డైరెక్టరీని ముట్టుకోదు. ముట్టుకోకపోవడం సబబే, అది యూజరు సొత్తు. కానీ "మీ హోమ్‌లో ఈ ఫోల్డరు నాది, ఇంత సైజుంది, ఉంచమంటారా?" అని అడగడానికి ఏం రోగం? సెట్టింగులొకచోట, డేటా ఒకచోట, క్యాషు ఒకచోట పెట్టమని ఎక్స్‌డీజీ వాళ్ళు 2003 నుంచీ చెబుతూనే ఉన్నారు. పాటించే ప్రోగ్రాములుంటే క్యాషుని కళ్ళు మూసుకుని తీయొచ్చు, డేటాని ఆలోచించి తీయొచ్చు. ఆ చిన్న విభజనలోనే సగం సమస్య తీరిపోతుంది.

కాబట్టి లాంచర్లు రాసేవాళ్ళని నేనడిగేది మూడే ముక్కలు. తీసేముందు మూడు వరసల లెక్క చూపించండి, ఆట ఇంత, సేవ్‌లు ఇంత, క్యాషు ఇంత. సేవ్‌ల పక్కన టిక్కు ముందే పెట్టకండి. ప్రిఫిక్సు ఫోల్డరులో ఆట పేరు రాసిన ఒక టెక్స్టు ఫైలు పడెయ్యండి, 292030 ఎవరో మూడేళ్ళ తర్వాత మాకు గుర్తుండదు. ఇవి పెద్ద ఇంజినీరింగు పనులు కావు. ఒక స్ప్రింటులో అయిపోయేవి.

మనలో చాలామంది ఆటలు రాయం. బ్యాంకులకి, ఆసుపత్రులకి, అమ్మకాల కంపెనీలకి రాస్తాం. అయినా ఇదే ప్రశ్న మన పనికీ వర్తిస్తుంది. ఇన్‌స్టాల్ చెయ్యడానికి ఇరవై పేజీల డాక్యుమెంటు రాసే మనం, తీసెయ్యడానికి ఎన్ని పేజీలు రాస్తున్నాం? వెళ్ళిపోయేవాడి డేటా ఎక్కడెక్కడుందో మన దగ్గర చిట్టా ఉందా? వచ్చినవాణ్ణి బాగా చూసుకోవడం వ్యాపారం. వెళ్ళేవాడి సామాను వాడికి లెక్కగా అప్పజెప్పడమే మర్యాద. మీ ప్రాజెక్టులో పందిరి విప్పే పని ఎవరి పేరు మీద ఉందో రేపు స్టాండప్‌లో ఒకసారి అడిగి చూడండి.